స్టీరింగ్ లోపలి రిబ్బను

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. ఐటీఐలో రేడియో, టీవీ కోర్సు చదివి, డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీది షాపులో టేప్ రికార్డర్లు, సీడీ ప్లేయర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. రెండు వేల సంవత్సరం దాటి ఏడాదో రెండేళ్ళో అయింది. టేప్ రికార్డర్లు తెచ్చేవాళ్ళు తగ్గిపోతుంటే మా ఓనరు కంప్యూటర్ ప్రింటర్లు కూడా తీసుకోవడం మొదలుపెట్టాడు.

మా అక్క భర్తకు గాజువాక ఆటోనగర్‌లో రేకుల షెడ్డు ఉండేది. పోర్టు నుంచి బొగ్గు, స్టీల్‌ప్లాంట్ నుంచి కడ్డీలు మోసే లారీలకు స్టీరింగ్ పని చేసేవాడు. లారీ ఎక్కి స్టీరింగ్‌ని రెండు వేళ్ళ వెడల్పు అటూ ఇటూ ఆడించి, కింద ఏ జాయింట్ అరిగిందో సీట్లో కూర్చునే చెప్పేవాడు. ఎప్పుడూ ఎవరి సాయమూ అడగని మనిషి. అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే మా షాపుకి మెట్లెక్కి వచ్చాడు.

"ఓపాలి షెడ్డుకి రామ్మా. మీటరూ, నీ సాల్డరింగ్ సామానూ పట్టుకుని రా."

"ఏటైంది బావా?"

"కారొకటొచ్చినాది. హారన్ ఓపాలి మోగతంది, ఓపాలి మోగట్నేదు. రెండు హారన్లు మార్సీసినాను, రిలే మార్సీసినాను. నాకు బుర్ర పన్సెయ్యట్నేదు."

మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. రెండు లారీల మధ్య ఎర్రగా, నేలకు అతుక్కున్నట్టు ఉంది ఆ కారు. రెండే సీట్లు. పైకప్పు బట్టది, మడిచి వెనక్కి పెట్టారు. అది ఒక ఓడ ఇంజనీరుది. ఉద్యోగమంతా సముద్రం మీద చేసి, దిగాక, విదేశంలో తాను వాడుకున్న స్పోర్ట్స్ కారును కూడా వెంట తెచ్చుకున్నాడు. భీమిలి రోడ్డులో ఇల్లు. రోజూ పొద్దున్నే ఆ రోడ్డు మీద నడుపుకోవడమే ఆయన సరదా అని బావ చెప్పాడు.

సీట్లో కూర్చుంటే కాళ్ళు బారజాపుకుని నేలమీద కూర్చున్నట్టే ఉంది. లారీ డ్రైవర్లు ఇద్దరు చాయ్ తాగుతూ నన్నే చూస్తున్నారు. పట్టించుకోకుండా హారన్ మీద బొటనవేలు ఉంచి, స్టీరింగ్‌ని మెల్లగా తిప్పాను. ఎడమకు తిప్పుతున్నంతసేపూ మోగింది. మధ్యకు వచ్చి కుడికి తిరగ్గానే ఆగిపోయింది. మళ్ళీ ఎడమకు తిప్పితే మళ్ళీ మోగింది. ముందర మీటర్ల మధ్య ఒక ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. కూర్చున్న మనిషి, అతని ఛాతీ ముందు ఒక బంతి, అదీ దాని మీద బొమ్మ.

"హారన్‌ది కాదు బావా. సక్రంతో పాటు తిరిగేది ఏదో లోపల తెగిపోనాది. స్టీరింగ్ ఇప్పాల."

"అదే నానూ అనుకున్నాను," అన్నాడు బావ. అనుకోలేదని ఇద్దరికీ తెలుసు.

బ్యాటరీ వైరు తీసేశాడు. చక్రం వెనక రెండు బోల్టులు విప్పితే నడిమి దిండు లాంటి ముక్క చేతిలోకి వచ్చింది. దాన్నుంచి పసుపుపచ్చ ప్లగ్గుతో రెండు వైర్లు లోపలికి వెళ్తున్నాయి. గుద్దుకున్నప్పుడు ఉబ్బి మనిషిని కాపాడే గాలిసంచి అందులోనే ఉంటుందని బావ ఎక్కడో విన్నాడు. నేను ప్లగ్గు విప్పి, అలవాటు ప్రకారం, ఆ దిండు వైపు పిన్నులకు మీటరు వైర్ల మొనలు ఆనించి చూశాను. మీటరులో చిన్న రీడింగు వచ్చింది. బాగానే ఉంది అనుకుని, దాన్ని తీసి బల్ల మీద బోర్లా పెట్టాను.

చక్రం మధ్యలోని పెద్ద నట్టు మీద గీతలు పడి ఉన్నాయి. ఇంతకు ముందు ఎవరో విప్పి బిగించారన్నమాట. బావ చక్రానికీ కడ్డీకీ కలిపి పెయింటుతో గుర్తు పెట్టి, పుల్లర్‌తో చక్రం లాగాడు. కింద అరచెయ్యంత గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత తీస్తే, టేపులా పల్చటి రిబ్బను చుట్టలు చుట్టలుగా ఉంది. ప్రింటర్ లోపల అటూ ఇటూ పరుగెత్తే రిబ్బను లాంటిదే. దాని లోపల సన్నటి రాగి గీతలు. ఒక గీత హారన్‌ది, రెండు గాలిసంచివి. చక్రం ఎడమకు తిరిగితే చుట్ట బిగుసుకుంటుంది, కుడికి తిరిగితే వదులవుతుంది. రెండు వైపులకూ సమానంగా తిరిగే వీలు ఉండేలా నడిమధ్యన పెట్టి బిగించాలి. ముందు విప్పినవాళ్ళెవరో ఆ మధ్య చూసుకోకుండా బిగించేశారు. ఒక వైపు పూర్తిగా తిప్పినప్పుడల్లా లాగి లాగి, కొస దగ్గర మూడు గీతలూ తెగిపోయాయి. ఎడమకు తిప్పినప్పుడు మాత్రం హారన్ గీత తెగిన కొసలు ఒకదానికొకటి ఆనుకునేవి.

నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. మేడ మీది గదిలో ఆరేళ్ళుగా చేస్తున్న పనే ఈ కారులోనూ దొరికింది. బ్లేడుతో ప్లాస్టిక్ పొర గీకి, సన్నటి రాగిరేకు ముక్కలు పెట్టి మూడింటినీ సాల్డర్ చేసి, పైన టేపు అంటించాను. మధ్య ఎలా పట్టుకోవాలో నేనే లెక్క కట్టాను: ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని చుట్లు తిరుగుతుందో చూసి, అందులో సగం వెనక్కి. అన్నీ బిగించి బ్యాటరీ కలిపాడు బావ. ఎర్ర లైటు వెలిగి, కొన్ని క్షణాలుండి, ఆరిపోయింది. హారన్ ఎటు తిప్పినా మోగింది.

సాయంత్రం ఇంజనీరుగారు వచ్చారు. డాష్‌బోర్డు అర తెరిచి, అందులోంచి లావుపాటి రిపేరు పుస్తకం తీసి నా చేతికిచ్చారు.

"నీకు పనికొస్తుందమ్మా. తీరిగ్గా చదివి ఇవ్వు."

ఆ పుస్తకం మధ్యాహ్నమంతా నా మోకాలికి జానెడు దూరంలోనే ఉంది. ఆ అర తెరవాలని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. గాలిసంచి పాఠం మొదట్లోనే నాలుగు హెచ్చరికలు గళ్ళు కట్టి ఉన్నాయి. బ్యాటరీ తీశాక కాసేపు ఆగకుండా దేన్నీ ముట్టుకోవద్దు. సంచి పిన్నులకు మీటరు పెట్టవద్దు. ఆ కాస్త కరెంటుకే పేలవచ్చు. విప్పిన దిండును బోర్లా పెట్టవద్దు. పేలితే తుపాకీ గుండులా లేస్తుంది. రిబ్బను తెగితే అతకవద్దు. డబ్బా మొత్తం మార్చాలి. నాలుగు తప్పులూ వరసగా చేశాను. మొదటి మూడూ నా మొహానికి, బావ చేతులకు సంబంధించినవి. జరగలేదు కాబట్టి గడిచిపోయాయి. నాలుగోది ఇంకా రోడ్డు మీద తిరుగుతోంది. ప్రతి మలుపుకూ నా సాల్డరు వంగుతోంది. ఎప్పుడో విరుగుతుంది. అది గుద్దుకునే క్షణమే అయితే, ఆరిపోయిన లైటును నమ్మిన మనిషికి సంచి తెరుచుకోదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి చెప్పాను. బావ స్పానరు తుడుస్తూ విన్నాడు.

"లైటు ఆరిపోనాది. హారన్ మోగతంది. ఆయన సంతోషంగా ఎల్లిపోనాడు. మరింకేటి?"

"అది ఇరిగిపోద్ది బావా."

"ఇరిగినప్పుడు మళ్ళీ అతుకుదుం."

"ఇరిగింది అని ఆయనకి తెల్సేది ఆస్పత్రిలోన."

బావ మొహం మారిపోయింది. "ఇదిగో, నాను ఇరవై ఏళ్ళనించి స్టీరింగులు సేత్తన్నాను. మా పని తప్పు అని ఇంటికెల్లి సెప్పీవంటే, రేపట్నించి ఈ షెడ్డుకి ఎవుడొత్తాడు? నువ్వెల్లకు."

రోడ్డు మీద ఎస్టీడీ బూత్ నుంచి ఇంజనీరుగారింటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. "ఆయన కారేసుకుని భీమిలి వెళ్ళారమ్మా, చేపలకి," అంది. రెండు బస్సులు మారి రుషికొండ దాటాక దిగి, ఇల్లు వెతుక్కునేసరికి పదకొండయింది. ఆయన ఇంకా రాలేదు. ఆవిడ అరుగు మీద కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. వచ్చిన పనేమిటని అడిగితే, ఆయనతోనే చెప్తానన్నాను. రోడ్డు మీద ఏ బండి చప్పుడు వినిపించినా లేచి నిలబడుతుంటే ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది.

చివరికి గేటు ముందు హారన్ మోగింది. ఒకసారి సరిపోతుంది, ఆయన మూడుసార్లు మోగించారు. నన్ను చూసి నవ్వుతూ, "విన్నావా నీ హారన్?" అన్నారు.

గబగబా చెప్పేశాను. మీటరు పెట్టడం, బోర్లా పెట్టడం, అతకడం, అన్నీ. ఆయన నవ్వు ఆగిపోయింది. చేపల సంచి భార్యకిచ్చి, నా వైపు తిరిగారు.

"తెలియకుండా ఎందుకు ముట్టుకున్నావ్?"

"తెలీదని తెలీలేదండి."

"నిన్న మా ఆవిణ్ణి ఎక్కించుకుని సింహాచలం వెళ్ళొచ్చాను. తెలుసా?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఏడవలేదు. ఆయన కాగితం, పెన్ను తెప్పించి, అతుకు ఎక్కడ పడిందో బొమ్మ గీయమన్నారు. గీశాను. ఎంత మందం రేకు, ఏ సాల్డరు అని అడిగారు. చెప్పాను.

"ఓడలో ఇలాంటి అతుకులేసి, చెప్పకుండా దిగిపోయినవాళ్ళని చాలామందిని చూశానమ్మా. వెనక్కొచ్చి చెప్పినవాళ్ళని చూళ్ళేదు," అన్నారు. గొంతులో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "సంచి ప్లగ్గు తీసెయ్. ఎర్ర లైటు వెలగనీ. అబద్ధం చెప్పే లైటు నాకొద్దు."

ఈసారి బ్యాటరీ తీశాక, పుస్తకంలో చెప్పినంతసేపు అరుగు మీద కూర్చుని ఆగి, అప్పుడు విప్పాను. కొత్త డబ్బా పంపమని ఆయన విదేశంలో ఉన్న పాత స్నేహితుడికి రాశారు.

బావ నాతో మాట్లాడలేదు. అక్క పిలిస్తే భోజనానికి వెళ్ళినా, పళ్ళెంలోంచి తల ఎత్తేవాడు కాదు. మూడు నెలలకు డబ్బా వచ్చింది. ఇంజనీరుగారు దాన్ని నా దగ్గరకు కాక, నేరుగా బావ షెడ్డుకే తెచ్చారు. "స్టీరింగ్ నువ్వే విప్పాలి, వైర్లు మీ మరదలు చూడాలి," అన్నారట. బావ కబురు పెట్టాడు.

నేను వెళ్ళేసరికి ముందు చక్రాలు తిన్నగా పెట్టి, బ్యాటరీ తీసి, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకెంతసేపు ఆగాల?" అని అడిగాడు. మూడు నెలల తరవాత అతను నాతో అన్న మొదటి మాట అది.

"ఇంకాసేపు, బావా."

పాత డబ్బా తెరిచి నా అతుకు చూశాం. విరగలేదు. బావ నా వంక చూసి, "సూడు, గట్టిగానే ఉన్నాది," అన్నాడు. నేను రిబ్బను తీసి రెండు వేళ్ళ మధ్య అటూ ఇటూ వంచుతూ పోయాను. ఇద్దరం లెక్కపెడుతున్నాం, పైకి అనడం లేదు. నలభయ్యోసారో ఎప్పుడో టిక్‌మని చిన్న శబ్దం వచ్చింది. బావ దాన్ని తీసుకుని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, జేబులో వేసుకున్నాడు.

కొత్త డబ్బా మధ్య కదలకుండా కంపెనీవాళ్ళు ఒక కాగితం ముక్క అంటించి పంపారు. చక్రం దాని మీద కూర్చునేదాకా ఆ కాగితం తియ్యకూడదని బావకు చదివి చెప్పాను. తియ్యలేదు. చక్రాన్ని పాత పెయింటు గుర్తుకు సరిగ్గా కలిపి నట్టు బిగించాడు. దిండును రెండు చేతులతో, మొహానికి దూరంగా, పైవైపు పైకే ఉంచి తెచ్చాడు, నిద్రపోయే పసిబిడ్డను తెచ్చినట్టు.

బ్యాటరీ కలిపితే ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. ఇంజనీరుగారు షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పరీక్షిద్దామన్నారు. ఒక్క సీటే ఖాళీ. నువ్వెళ్ళు అంటే నువ్వెళ్ళు అని ఇద్దరం కాసేపు వాదించుకున్నాక, బావ నన్ను లోపలికి తోసి తలుపు వేశాడు. ఆయన హారన్ నొక్కిపట్టి, చక్రం పూర్తిగా కుడికి తిప్పి కారుతో ఒక చుట్టు, పూర్తిగా ఎడమకు తిప్పి ఒక చుట్టు కొట్టారు. ఎక్కడా తెగకుండా ఒకటే మోత. పక్క షెడ్డుల్లోంచి మనుషులు బయటికి వచ్చి ఏటా గోల అని అరుస్తున్నారు. బావ వాళ్ళకు ఏదో చెయ్యి ఊపి చెప్తున్నాడు. హారన్ మోతలో అతని మాటలు నాకు వినబడలేదు గానీ, నవ్వుతున్నాడని మాత్రం కనిపించింది.