పడవవాడి కోపం

దర్జీ మధ్యాహ్నం భోజనం కాగానే, మెడలో టేపు కూడా తీయకుండా కుట్టుమిషను మీదికి వంగి ఫోను తెరుస్తాడు. అతను ఆడే ఆటలో బొమ్మలుండవు, అంతా రాతే; ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి, ఆ వేషం మాటలూ చేతలూ రాసి పంపుతుంటారు. అందులో అతను చూపు లేని పడవవాడు. రెండేళ్లుగా ఆ పాత్రను ముద్దుగా పెంచుకున్నాడు. పడవవాడు తన పడవెక్కినవాళ్ల మొహాలు తడిమి గుర్తుపడతాడు, ఎవరేమన్నా చిరునవ్వు నవ్వుతాడు. అలాంటి వాక్యాలు రాసినప్పుడల్లా దర్జీ వాటిని మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయేవాడు. ఒకరోజు ఆటలో చేపలమ్మే అవ్వ వేషం కట్టే ఆవిడ అతనికి విడిగా రాసింది. "అన్నయ్యా, నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంటే ఆడుతున్నా. మీవాడు అందరి మొహాలూ తడుముతాడేంటి? నేనలా చేస్తే చెంప పగిలిపోతుంది! గొంతు వింటే చాలదూ?" దర్జీ చెవులు వేడెక్కాయి. "తప్పయిందమ్మా, రేపే వాణ్ని నీళ్లలో ముంచేస్తా" అని రాశాడు. "అయ్యో, ముంచకండి, వాడంటే నాకిష్టం. కాకపోతే వాడికెప్పుడూ కోపం రాదేం? నాకైతే రోజుకి పదిసార్లొస్తుంది" అందావిడ.

మర్నాడు ఆటలో ఒక సిపాయి, సాయం చేస్తున్నాననుకుని పడవవాడి రెక్క పట్టుకుని లాగాడు. పడవవాడు విదిలించుకుని, "అడిగి ముట్టుకో. పడవ నాది, ముందు దిగు" అని కసిరాడు. సిపాయి దిగిపోయాడు. చేపల అవ్వ వచ్చి ఆ చోట్లో కూర్చుని, "ఇక పడవ పోనీ" అంది. దర్జీ పకపకా నవ్వాడు. పక్కన కాజాలు కుడుతున్న భార్య తలెత్తి, "ఏంటా నవ్వు?" అంది. "మావాడికి ఇవాళ కోపమొచ్చిందే!" అన్నాడు దర్జీ, చంటివాడు తొలి అడుగు వేసినంత సంబరంగా.