బావకిచ్చిన పచ్చి చెక్క

మా బావ నలుగురిలో నన్ను మంచివాడంటాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నేను మాట మార్చేస్తాను. ఇన్నేళ్లుగా మారుస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

బావంటే మా అక్క భర్త. సోంపేట దగ్గర మా ఊళ్లో ఇద్దరం కలిసి చెక్కతో విమానాల నమూనాలు చేసేవాళ్లం. యుద్ధవిమానాలు, వాతావరణ పరిశోధనకు వాడే విమానాలు, అసలు వాటి కొలతలు తప్పకుండా. అలాంటివి సేకరించే విశాఖపట్నం పెద్దమనిషి ఒకాయన కొనేవాడు. నాకు ఉలి పట్టడం నేర్పింది బావే. చెక్క కోయించి, ఆరబెట్టి ఇవ్వడం నా వంతు.

ఒకసారి ఆ పెద్దమనిషి పొడవాటి సన్నని రెక్కలున్న పరిశోధన విమానం అడిగాడు. నేను చేస్తానన్నాను. ఆయన నవ్వి, రెక్కలు మాత్రం మీ బావ చేతివే కావాలన్నాడు. తప్పేమన్నాడు? ఉన్నమాటే అన్నాడు. ఆ ఉన్నమాటే నాలో పుండైంది.

బాగా ఆరిన పనస చెక్క ఇంట్లో కొంచెమే ఉంది. దాన్ని నా యుద్ధవిమానానికి దాచుకున్నాను. బావకి తుఫానుకు పడిన చెట్టు చెక్క ఇచ్చాను. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చి. ఆరిందేనా అని అడిగాడు. ఆరిందే అన్నాను. తట్టి కూడా చూడలేదు. నా మాట మీద అంత నమ్మకం.

ఎండలు ముదిరేసరికి రెక్కలు వంగి, మొదళ్ల దగ్గర చీలి, ఆ విమానం తిరిగొచ్చింది. బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని చీలిక వెంబడి వేలు పోనిచ్చాడు. చెక్కని అనుమానించలేదు. నన్నసలే అనుమానించలేదు.

"నా సెయ్యి పోనాదిరా," అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ నేనన్నది ఇది.

"వయసు మీద పడతంది కదా బావా. నీ తప్పేటుంది?"

చెక్క ఇచ్చింది అసూయతో, సరే. మరి ఈ మాట? ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఓదారుస్తున్నవాడిలా గొంతు తగ్గించి, నాకు విద్య ఇచ్చిన మనిషికి ఆయన విద్య మీదే నమ్మకం చంపేశానే, దాన్నేమనాలి? ఇప్పటికీ నాకు పేరు దొరకలేదు.

బావ మళ్లీ ఉలి ముట్టలేదు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. జీడిపిక్కల చమురంటి వేళ్లు నల్లబడ్డాయి. ఇంట్లో ఆయన మాటలు తగ్గిపోయాయని అక్క నా దగ్గరే బాధపడేది. నేను తలూపేవాణ్ని. ఆర్డర్లన్నీ నాకే వచ్చాయి.

మొన్న చెప్పేద్దామనే పలాస వెళ్లాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను చూడగానే బావ మొహం విప్పారింది. మా బామ్మర్ది, విమానాలు చేస్తాడు, నన్ను మించిపోయాడని తోటివాళ్లకి చూపించుకున్నాడు. టీ ఇప్పించాడు. తాగి వచ్చేశాను.

చెప్పాల్సింది ఆయనకి. చెప్పింది మీకు. అయినా ఈ పూట గుండె కాస్త తేలికగా ఉంది. అందుకూ సిగ్గుగానే ఉంది.