అన్ని గిన్నెల మీదా ఒకే మామ

ఆ రోజుల్లో మా ఇంట్లో నాకు రెండు బిరుదులుండేవి. పుస్తకం ముందు కూర్చోబెడితే కిటికీలోంచి పిట్టల్ని చూసేదాన్ని కాబట్టి "ధ్యాస లేని పిల్ల". చేతికి నచ్చిన పని దొరికితే పక్కన ఇల్లు కూలినా వినిపించేది కాదు కాబట్టి "చెవిటి పిల్ల". ఈ రెండూ ఒకే బుర్రలోంచి వస్తున్నాయని ఎవరికీ తట్టలేదు. (నాకు మాత్రం తట్టిందా? మొన్న మొన్న మా పాపను డాక్టరుకు చూపించేదాకా తెలియలేదు.) పన్నెండో తరగతి ఎలాగో గట్టెక్కాక, ఇంట్లో ఉంటే రోజూ పాలు పొంగబెడుతున్నానని మా అమ్మ నన్ను మహారాష్ట్రలోని నాందేడ్‌లో చిన్నాయన గిన్నెల దుకాణంలో కూర్చోబెట్టింది.

నా పని పేర్లు చెక్కడం. మా వైపు పెళ్లికి ఇచ్చే స్టీలు గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరు ఉండి తీరాలి. లావుపాటి పెన్నులాంటి కరెంటు మెషిను, స్విచ్చి వేస్తే కందిరీగలా జుయ్యిమనేది. ఎడమ పక్క పేరు లేని గిన్నెలు, కుడి పక్క పేరు పడ్డవి. ఎడమ గుట్ట అయిపోయేదాకా నా చెయ్యి ఆగేది కాదు, ఆకలి వేసేది కాదు. "అది గాదు మషీను, నువ్వే మషీనువు" అని చిన్నాయన మురిసిపోయేవాడు. నన్ను చూసి ఒక మనిషి మురవడం అదే మొదలు, అందుకని నేను మరింత చెలరేగిపోయాను.

పెళ్లిళ్ల కాలంలో ఒక పొద్దున ముఖేడ్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. నాందేడ్‌లోనే ఆ రోజే ఆయన చెల్లెలి కూతురి పెళ్లి. పెద్ద గంగాళం కొని నా ముందు పెట్టాడు.

"పేరు వద్దు బిడ్డా, 'మామా, ముఖేడ్' అని మరాఠీల రాయి, సాలు. పొలం పంచాయితీల ఏండ్ల సంది నాకూ నా చెల్లెకూ మాటల్లేవు. కానుకలు సదివేటప్పుడు మైకుల మొదాలు మేనమామదే సదువుతరు గదా. గది ఇనైనా నా చెల్లె నా దిక్కు సూస్తదేమో."

"అట్లనే మామా, మంచిగ రాస్త" అన్నాను. మాట నిలబెట్టుకోవాలనే అనుకున్నాను. అంత పెద్ద గంగాళానికి ఉత్త పేరేం బాగుంటుందని అంచు చుట్టూ ఒక తీగ మొదలుపెట్టాను. తీగకు ఆకులు కావాలి కదా. ఆకులున్నాక చిలకలు రావా? ఆయన చాయి తాగి వచ్చాడట, తొందరపెట్టాడట, చిన్నాయన నా చేతిలోంచి గంగాళం లాక్కుని కాగితం చుట్టి పంపించాడట. నాకేమీ తెలియదు. ఆయన వెళ్లిపోయాక చిన్నాయన, "చిలకలు మస్తున్నయ్ గని, పేరేడ రాసినవే?" అన్నాడు.

నేను రాయలేదు.

చిన్నాయన తిట్టలేదు. మెషిను సంచిలో వేసి "బండెక్కు" అన్నాడు, అంతే. పెళ్లి హాలు చేరేసరికి లోపల మంగళాష్టకాలు నడుస్తున్నాయి. కానుకలన్నీ స్టేజీ పక్క గదిలో గుట్ట పోసి ఉన్నాయి, గోడకు ప్లగ్గు కూడా దొరికింది. "రాసుడు అయినంక బయటికి రా" అని చిన్నాయన ముఖేడ్ మామకు సంగతి చెప్పడానికి వెళ్లాడు. నేను గంగాళం తీసుకుని చిలకల కింద 'మామా, ముఖేడ్' అని ముద్దుగా చెక్కి కుడి పక్కన పెట్టాను. అక్కడితో లేచి రావలసింది. కానీ నా ఎడమ పక్క గుట్ట ఉంది.

తర్వాత బ్యాండు మోగిందట, అక్షింతలు పడ్డాయట. మైకు అతను వచ్చి గిన్నెల్ని స్టేజీ మీదికి చేరవేస్తున్నాడని కూడా నేను గమనించలేదు. నా చెవిలో పడ్డ మొదటి మాట, "మామా, ముఖేడ్!" చప్పట్లు. హమ్మయ్య అనుకున్నాను. రెండోది పాలగిన్నె, ఉమ్రి నుంచి వచ్చిన మేనత్తది. "ఆత్యా, ఉమ్రి..." అని అతను ఆగి, గిన్నె తిప్పి చూసి, "...ఆణి మామా, ముఖేడ్!" అని ఇద్దర్నీ కలిపి చదివాడు. మూడోదీ మామా, ముఖేడ్. నాలుగోదీ అంతే. జనం మొదట నవ్వారు, తర్వాత గొణిగారు.

"నేను తెచ్చిన గిన్నె మీద ఆయన పేరేంది? ఇంత పేరు పిచ్చా?" అని ఉమ్రి మేనత్త లేచి నిలబడింది. పాపం ముఖేడ్ మామ రుమాలుతో మొహం తుడుచుకుంటూ తల దించుకున్నాడు. చెల్లెలు చూడాలని వచ్చిన మనిషి, ఆమె చూస్తుంటే దొంగలా నిలబడ్డాడు. నాకు ఏ గిన్నెలోనైనా దూరి మూత వేసుకోవాలనిపించింది. చేతిలో ఇంకా మెషిను ఉండగానే స్టేజీ మీదికి వచ్చాను.

"ఆయన తప్పేం లేదు. నేనే రాసిన."

"ఎందుకు రాసినవే?" అంది ఉమ్రి అత్త.

ఎందుకు? నిజంగా ఆలోచించాను. "గుట్ట అయిపోలే" అన్నాను.

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే పెళ్లికూతురి తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్న దగ్గరికి నడిచింది. "ఏందన్నా, ఇన్నేండ్ల కానుకలు ఒక్కసారే తెచ్చినవా?" అంది. ఆయన రుమాలు మళ్లీ మొహం మీదికి వెళ్లింది, ఈసారి కిందికి రాలేదు.

వాళ్ల సంగతి సుఖాంతమే, నాది కాదు. చిన్నాయన అందరికీ కొత్త గిన్నెలు ఇచ్చుకున్నాడు. నేను చాలాకాలం ఆ హాలు ముందు నుంచి మొహానికి ఓణీ కప్పుకునే వెళ్లాను. దుకాణంలో నా ఎడమ పక్క గుట్ట పెట్టడం మానేశారు, ఒక్కో గిన్నే తెచ్చి ఇచ్చేవారు.

మొన్న మా పాప బడి గంట కొట్టింది వినకుండా చీమల బారు చూస్తూ ఉండిపోతే డాక్టరుకు చూపించాం. ఆయన దానికో పేరు చెప్పి, ఒకచోట కుదరని మనసే ఒక్కోసారి ఒకదాంట్లో ఇలా ఇరుక్కుపోతుందని వివరించి, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగారు. ఆయన బల్ల మీది స్టాప్లరు ఊడదీసి, అందులో స్ప్రింగు ఎలా కూర్చుందా అని చూస్తూ, "అబ్బే, లేదండీ" అన్నాను.

చిన్నాయన వెనక్కి తెచ్చుకున్న గిన్నెల్లో ఆ పాలగిన్నె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. నిన్న నేను దాంట్లో పాలు పోసి పొయ్యి మీద పెట్టి నిలబడి ఉంటే పాప వచ్చి దాని మీది అక్షరాలు కూడబలుక్కుంది.

"అమ్మా, ముఖేడ్ల మనకు మామ ఉన్నడా?"

"ఉన్నడు బిడ్డా" అన్నాను. తల్లీబిడ్డలం ఇద్దరం ఆ అక్షరాల వంకే చూస్తూ ఉండగా పాలు పొంగిపోయాయి.