ద్వారబంధానికి అంటించిన బొట్లు

మదనపల్లెలో మా చర్చికి మొదట వచ్చిన మనిషి దేవుడి కోసం రాలేదు, ఫ్యాను కోసం వచ్చింది. ఈ మాట అంటే మా ఆయన నొచ్చుకుంటారు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి గదా.

నేను పుట్టి పెరిగింది కుప్పంలో. తాతల కాలం నుంచీ మేము క్రైస్తవులమే. రాతిగోడల చర్చి, గంట, తరతరాలు కూర్చుని నున్నబడిన బల్లలు, తెల్లచీరల్లో ఆడవాళ్ళు, ఇదే నాకు తెలిసిన ఆదివారం. పెళ్ళయ్యాక పుంగనూరు వచ్చాను. అక్కడి చర్చి పాస్టరు, పెద్ద అయ్యగారి దగ్గర మా ఆయన చాలా ఏళ్ళు సహాయకుడిగా ఉన్నారు. ఆ అయ్యగారే ఒకరోజు పిలిచి, మదనపల్లె పోయి కొత్తగా ఒక సంఘం మొదలుపెట్టమన్నారు. ఆ ఊళ్ళో మాకు తెలిసినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. మగ్గాలు తీసేసిన ఒక పొడుగాటి గది అద్దెకు దొరికింది. మగ్గం గుంతలు పూడ్చిన చోట్లు నడుస్తుంటే కాలికి తెలిసేవి. రెండు పెద్ద చాపలు, ఒక బల్ల, ఒక ఫ్యాను. అంతే మా చర్చి.

మొదటి నాలుగు ఆదివారాలు మా ఆయన గొంతు చించుకుని ప్రసంగం చేశారు. నేనూ మా పాపా విన్నాం. "మా ఇద్దరికీ చెప్పేదానికి అద్దె గది యాల? వంటింట్లో చెప్తే నేను పప్పు రుబ్బుకుంటా వింటాను గదా," అని సాధించాను కూడా. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనలేదు.

ఐదో వారం పాట పాడుతుంటే ఒకామె గుమ్మంలో నిలబడింది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. చీర కుచ్చిళ్ళ నిండా టమాటా మరకలు. తెల్లారకముందే మార్కెట్ యార్డుకు పోయి, కాయలు ఏరే పని చేసి ఇంటికి తిరిగిపోతోంది.

"అక్కా, ఈడ కొంచేపు కూసోవచ్చా? ఫ్యాను తిరగతాంటే సూసి వచ్చినా," అంది.

"రామ్మా, కూర్చో. ఫ్యాను అందరిదీ," అన్నాను.

ప్రసంగం సగం వింది, సగం గోడకు ఆనుకుని నిద్రపోయింది. లేచి పోతూ, "పాట బాగుండాది. వచ్చే వారం గూడా పాడతారా?" అని అడిగింది. వచ్చే వారం వచ్చింది. ఆ పై వారం కూడా వచ్చింది. సోమల దగ్గరి పల్లె వాళ్ళది. బోరు ఎండిపోయాక సేద్యం వదిలేసి అత్తతో, మొగుడితో ఇక్కడికి చేరారు. మొగుడు టమాటా లోడు లారీ తోలతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. ఎక్కడికి పోతోందో అత్తకు మొదటే చెప్పిందట, దాచలేదు.

మూడో వారమో నాలుగో వారమో, నా నుదురు చూసింది, మా పాప నుదురు చూసింది. ఆ తర్వాత వచ్చినప్పుడు గుమ్మంలో ఆగి, తన స్టిక్కర్ బొట్టు తీసి ద్వారబంధానికి అంటించి లోపలికి వచ్చింది. పోయేటప్పుడు మళ్ళీ తీసి పెట్టుకుంది. ఎవరూ తీయమనలేదు. నిజం చెప్తున్నాను, లోపల్లోపల నాకు గెలిచినట్టే అనిపించింది.

ఆమె వెంట యార్డులో పనిచేసేవాళ్ళు ఒకరొకరే వచ్చారు. ఆర్నెల్లకు తొమ్మిదిమంది ఆడవాళ్ళయ్యారు. అందరూ ఆమెను చూసే నేర్చుకున్నారు. ఆదివారం పొద్దున మా ద్వారబంధం మీద ఎర్రవి, మెరూన్‌వి, రాయి పొదిగినవి వరసగా తొమ్మిది బొట్లు ఉండేవి. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర ఒకటే నవ్వులు. "ఏమే, అది నాది. నా బొట్టు పెట్టుకుంటే నా మొగునికి సంగటి గూడా నువ్వే చేసి పెట్టాల, సూసుకో," అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం ఒకటే మాట అనేవారు. "వాళ్ళకు నువ్వేమీ చెప్పొద్దు. ఎలా వస్తే అలా రానీ."

అట్లాంటప్పుడు పుంగనూరు పెద్ద అయ్యగారు సంఘాన్ని చూడడానికి వస్తామని కబురు చేశారు. ఆదివారం పదకొండు గంటల బస్సుకు దిగుతారట. నాకు రెండు రోజుల ముందు నుంచే కాళ్ళు నిలవలేదు. గోడలు దులిపాను, చాపలు కడిగాను, మా పాపకు కొత్త గౌను తొడిగాను. ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా నా చూపు గుమ్మం మీద పడింది. లోపలికి రాగానే అయ్యగారి కంట పడేవి ఆ బొట్లే. ఇన్ని నెలల్లో మీరు నేర్పింది ఇదా అంటారేమో అనిపించింది. మెల్లగా లేచి తడిగుడ్డ తీసుకుని, తొమ్మిదింటినీ గోళ్ళతో గీకేసి, గుడ్డలో చుట్టి బయట కాలవలో పడేశాను. చిల్లరకొట్లో దొరికే బొట్టుబిళ్ళలే గదా అనుకున్నాను.

అయ్యగారు వచ్చారు, ఆశీర్వదించారు, మజ్జిగ తాగి సంతోషంగా బస్సెక్కారు. ఆయన ద్వారబంధం వైపు చూడనే లేదు.

ఆడవాళ్ళు బయటికి వచ్చి బిత్తరపోయారు. కొందరు నవ్వేసి, దారిలో కొనుక్కుంటామని వెళ్ళిపోయారు. మొదట వచ్చిన ఆమె మాత్రం చెక్కంతా వేళ్ళతో తడిమి చూసింది.

"అక్కా, ఈడే గదా పెట్టింటి," అంది.

"ఏమో మరి. గాలికి రాలిపోయినాయేమో," అన్నాను.

నా మొహంలోకి కొంచెంసేపు చూసింది. "ఊ, గాలికి," అని కొంగు నుదుటి మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ముగ్గురే వచ్చారు. ఆమె రాలేదు. ఆ పై వారం ఇద్దరు. ఆమె లేకపోతే మిగతావాళ్ళకు ధైర్యం లేదు. సంఘం మళ్ళీ మా ఇంటి సంఘం అయ్యేటట్టుంది. "ఒంట్లో బాగాలేదేమో, ఒకసారి పోయి చూసిరా," అని మా ఆయన నాలుగుసార్లు అన్నారు. ఏదో ఒక పని చెప్పి తప్పించుకున్నాను. ఆయన పెట్టిన సంఘాన్ని నా చేతులారా పోగొట్టానని ఆయనకు తెలియదు. నాకు అన్నం సహించడం మానేసింది. చివరికి ఒక బుధవారం వాళ్ళింటికి పోయాను.

అత్త వాకిట్లో కూర్చుని చెనక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి చాట పక్కకు జరిపింది.

"రామ్మా, కూసో. నేనేం నా కోడల్ని ఆపలే. మొదట్లోనే చెప్పినా. యాడికన్నా పో, ఎవురికన్నా మొక్కుకో, ఇంటికి మాత్రం బొట్టుతో రా అని. నా కొడుకు ఎప్పుడూ స్టీరింగ్ మీద ఉంటాడు. దాని నుదుట బొట్టు సూస్తే నాకు ధైర్యం. ఆ పొద్దు బోసిమొగంతో వచ్చె. ఆ పొద్దు నుంచే వాని ఫోను పలకలే. రెండు దినాలమ్మా. మేమిద్దరం ముద్ద మింగలే."

"ఇప్పుడు యాడ ఉండాడు?" అని అడిగాను.

"వచ్చినాడులే. బండి చెడిపోయి యాడనో నిలిచిపోయిందంట. ఫోనులో ఛార్జింగ్ లేదంట. బాగుండాడు."

అంతలో కోడలు లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది.

"నేను సూసినా అక్కా," అంది.

"ఏం సూసినావు?"

"నువ్వు గోకేది. ఆ పొద్దు ప్రార్థనలో కండ్లు తెరిచినా. ఎవురికీ చెప్పలే. బొట్టు పోయిందని గాదక్కా నా బాధ. తీసెయ్‌మని ఒక మాట చెప్పింటే నేనే కొంగుకు అంటించుకుందును. గాలి అన్నావే. ఈమె గూడా అబద్ధం చెప్తాదా అనిపించె. ఇంగ కాలు రాలేదు."

నాకు ఏడుపు వచ్చేసింది. "గాలి గాదమ్మా, నేనే. మిమ్మల్ని సూసి అయ్యగారు నన్ను తక్కువ చేస్తారేమో అని సిగ్గుపడినా. మీరు లేకుంటే మాకు చర్చే లేదు, మిమ్మల్ని సూసే సిగ్గుపడినా. నన్ను క్షమించు," అన్నాను. ఆమె లోపలికి పోకుండా నా పక్కనే కూర్చుంది.

అత్త కొంచెంసేపు చెనక్కాయలు వలిచింది. తర్వాత, "మీ ఆయన గూడా ప్రార్థనలకని బండి మీద ఊర్లు తిరగతాడంట గదా. నుదుట ఏమీ లేకుండా నీకు భయం గాదా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

దీనికి చిన్నప్పుడే నేర్చుకున్న జవాబు నా దగ్గర ఉంది. దేవుడు చూసుకుంటాడు అని చెప్పాలి. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొక అబద్ధం ఆ వాకిట్లో ఆడలేకపోయాను.

"అయితాదమ్మా. వి.కోట దారిలో పోయినాడంటే, సందు మొదట్లో ఆయన బండి చప్పుడు వినపడేదాకా నాకు ప్రాణం కుదుట ఉండదు," అన్నాను.

"అంతే గదమ్మా," అని చాట నా వైపు జరిపింది. పొద్దు వాలేదాకా ముగ్గురం చెనక్కాయలు వలిచాం.

ఇంటికి పోయి మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, తిడితే బాగుండేది. "ఆదివారం అందరి ముందూ చెప్పు," అన్నారు. చెప్పాను. చాప మీద ఉన్నది ఇద్దరే అయినా, తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేను చెప్పి ముగించేసరికి మొదట వచ్చిన ఆమె యార్డు నుంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల ఆమె పిలుచుకొచ్చిన మిగతా ఆడవాళ్ళు. అలవాటుగా ఆమె చెయ్యి నుదుటి దగ్గరికి పోయింది. నేను పోయి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనీమ్మా," అన్నాను.

ఆమె లోపలికి అడుగుపెడుతూ, "మా అత్త నీకొక మాట చెప్పమనిందక్కా. శుక్రవారం గంగమ్మకు దీపం పెట్టేటప్పుడు మీ ఆయన కోసం గూడా మొక్కుకునిందంట. బండి మీద తిరిగే మనిషి గదా అని," అంది.

మా ఆయన బల్ల దగ్గర తలెత్తి చూశారు. ఆర్నెల్ల కిందటైతే, గంగమ్మకు మొక్కేదేంది అని ముఖం మీదే అనేదాన్ని. కానీ మాకోసం ఈ ఊళ్ళో ఇంకొకరు మొక్కుకోవడం అదే మొదలు.

"నాకు శానా సంతోషమని చెప్పు ఆమెకు," అన్నాను. "మీ ఆయన ఇప్పుడు యాడ ఉండాడు?"

"నిన్న లోడు ఎత్తుకుని చెన్నైకి పోయినాడక్కా. ఇంకా ఫోను రాలే."

మా ఆయన ఆ రోజు ప్రసంగం పక్కన పెట్టారు. అందరం మోకాళ్ళ మీద కూర్చుని ఆ లారీ కోసం ప్రార్థన చేశాం.