ఆ నాటకం ఎవరి సహాయార్థం?

మా చిన్నప్పుడు... పలాసలో ఏం జరగబోతున్నా ముందుగా మా వీధికి మైకు మావ రిక్షా రావాల్సిందే.

అసలు పేరు కూర్మారావు. మా నాన్నకు వరసకు బావ. రిక్షా మీద గొట్టం మైకు కట్టించుకుని, వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "పలాస, కాశీబుగ్గ పురజనులారా!" అని అందుకునేవాడు. సోంపేటలో వాలీబాల్ పోటీలు, స్కూల్లో ఉచిత కంటి శిబిరం, రామకోవెల దగ్గర అన్నదానం... ఊళ్లో రాబోయే ప్రతి సంబరమూ మాకు ఆయన గొంతులోనే తెలిసేది.

మధ్యమధ్యలో గులాబీరంగు కరపత్రాలు గాల్లోకి విసిరేవాడు. వాటికోసం నేనూ మా చెల్లీ జీడిపప్పు బట్టీ గోడ దాకా పరుగెత్తేవాళ్లం. చదవడానికి కాదు లెండి... గాలిపటాల తోకలకి.

ఒక వేసవిలో రిక్షా వచ్చింది. గొంతు అదే, కానీ మధ్యలో ఊపిరి కోసం ఆగుతోంది. కాలు మీద కాలు వేసుకోలేదు. రెండు పాదాలూ ఉబ్బి, చెప్పుల్లో పట్టకుండా ఉన్నాయి. మా ఉద్దానం వైపు కాళ్లు వాచిన మనిషి కనబడితే పెద్దవాళ్లు ఎందుకు మాట మార్చేస్తారో... అప్పటికి నాకు తెలీదు.

"ఈ శనివారం సాయంత్రం హైస్కూలు మైదానంలో పద్యనాటకం! కష్టంలో ఉన్న మన ఊరి కుటుంబం సహాయార్థం! అందరూ తరలిరండి!"

సహాయార్థం... ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది. రిక్షా పట్టుకుని పరుగెత్తాను.

"మావా, ఎవరి కోసం?"

"నాకూ సెప్పనేదమ్మీ. మీ నాన్నోళ్లు ఏటో దాసేత్తన్నారు. పేరు మైకులో సెప్పొద్దన్నారు. మంచిదేలే... కట్టంలో ఉన్నోడికి సిగ్గుండదేటి?"

ఇక నాకు నిద్ర పట్టలేదు. చెల్లీ నేనూ ఊరంతా వెతికాం. పూరిల్లు కాలిపోయిన వాళ్లేమో అనుకున్నాం. భావనపాడులో పడవ విరిగిన, మా వీధికి చేపలు తెచ్చే చేపలమ్మేమో అనుకున్నాం. ఆమెనే అడిగితే, "నాకేటైందే! నానూ నాటకానికి వత్తన్నాను" అని గంప దించకుండానే కసురుకుంది. రోజూ మైకు మావని అడగడం, ఆయన "నీకు తెలిత్తే నాకూ సెప్పు" అని నవ్వడం... మా ఇద్దరికీ అదో ఆటైపోయింది.

శుక్రవారం మా ఇంట్లో ఆడవాళ్లంతా చేరి, నాటకం దగ్గర అమ్మడానికి జంతికలు వేస్తున్నారు. మైకు మావ భార్య పార్వతత్త కూడా వచ్చి కూర్చుంది. నేను తలుపు పక్కన జంతికల గిద్దె కడుగుతున్నాను. అత్త మా అమ్మతో మెల్లగా అంటోంది...

"ముందే తెలిత్తే ఒప్పుకోడు వదినా. ఎంతమంది కోసం గొంతు సించుకున్నాడో... తనకోసం ఒక్క మాట అడగడు. కిడ్నీలు పోనాయని డాక్టరు సెప్పిన్నుంచీ, విశాఖపట్నం ఆసుపత్రికి నానెల్లను, ఇంట్లోనే ఉంటానంతన్నాడు."

నా చేతిలో గిద్దె ఆగిపోయింది. అమ్మ నన్ను చూసింది. వేలు పెదాల మీద పెట్టుకుంది, అంతే.

మర్నాడు పొద్దున్న రిక్షా చివరిసారి మా వీధిలోకి వచ్చింది. అందరూ పరుగెత్తారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మైకు మావ రిక్షా ఆపించాడు.

"ఏటమ్మీ, నేడు అడగవేటి? తెలిసిపోనాదా?"

లేదని తల ఊపాను. ఒక కరపత్రం విసరకుండా నా చేతికే ఇచ్చి వెళ్లాడు. లోపలికొచ్చి అమ్మ చీరలో మొహం దాచుకున్నాను.

ఆ సాయంత్రం మైదానం నిండిపోయింది. మందస వైపు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. బట్టీల్లో పనిచేసే ఆడవాళ్లు చేతులకు జీడి మరకలతోనే వచ్చేశారు. మొదటి అంకం అయ్యాక మా నాన్న స్టేజీ ఎక్కి, మైకు మావ చేతిలోంచి మైకు తీసుకుని, ఆయన పేరు చెప్పాడు.

మైకు మావ మొహం ఎర్రబడింది.

"అయితే ఈదులెంట తిరిగి నాకోసం నానే అడుక్కున్నానేటి?" అన్నాడు. మైకు లేకపోయినా అందరికీ వినబడింది. స్టేజీ దిగి వెళ్లిపోబోయాడు.

నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు అడగనేదు బావా... పిలిసినావు. నువ్వు పిలిత్తే మేం రాకుండా ఎప్పుడైనా ఉన్నామేటి?"

మావ జనం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు... స్టేజీ అంచున కూలబడ్డాడు. పార్వతత్త వెళ్లి పక్కన కూర్చుంది. కాసేపటికి కండువాతో మొహం తుడుచుకుని, చెయ్యి చాచి మైకు అడిగి తీసుకున్నాడు.

"రెండో అంకం మొదలవుతాది... అందరూ కూకోండి."

నా చుట్టూ ఉన్న పెద్దవాళ్లంతా ఏడుస్తూ కూర్చున్నారు.

మావ విశాఖపట్నం వెళ్లాడు. సగం మనిషై తిరిగొచ్చాడు గానీ, ఇంకొన్నేళ్లు మా మధ్యే ఉన్నాడు. మళ్లీ రిక్షా ఎక్కలేదు. అరుగు మీద నులకమంచం వేయించుకుని, దారిన పోయేవాళ్లని ఆపి, "సోంపేటలో రక్తదానం పెట్టారట, తెలుసా?" అని ఒక్కొక్కరికే చెప్పేవాడు. ఆయన పోయాక ఆ పనికి ఆటో వచ్చింది, రికార్డు చేసిన గొంతు వచ్చింది.

ఇప్పుడు అన్నీ ఫోన్లోకే వస్తున్నాయి. వైద్యశిబిరం, క్రికెట్ టోర్నీ, చికిత్సకు సాయం... మంచిదే, కబురు క్షణంలో చేరుతోంది, సాయమూ అలాగే అందుతోంది. నిన్న మా ఊరి గ్రూపులో ఒకాయన ఫొటో పెట్టారు. ఆసుపత్రి మంచం, పేరు, వయసు, జబ్బు... అన్నీ రాసున్నాయి. నాకు తోచింది పంపాను. పంపేసి, వంటపనిలో పడ్డాను.

సాయంత్రానికి గుర్తొచ్చింది... ఆయన ఎవరి తాలూకా, ఏ వీధి, ఇప్పుడెలా ఉన్నాడు అని నేను ఎవరినీ అడగనే లేదు.

మీ ఊళ్లో ఇలాంటి కబుర్లు ఎవరి గొంతులో వచ్చేవి? వాళ్లెలా ఉండేవారో చెప్పండి... ఇవాళ తీరిగ్గా కూర్చుని అడుగుతున్నాను.