ఆకులు దూయని ఒక్క పూట

బతికున్న చెట్టును వేళ్ళతో సహా లేపి ఇంకోచోట నిలబెట్టడం మా బావ పని. ఆ పనిలో ఆయనకు సాటి రాగలవాడు ఒక్కడే ఉన్నాడు, అది నేను. ఆయన ఒప్పుకోడనుకోండి, అది వేరే సంగతి. ఎనిమిదో తరగతిలో బడికి ఓ దణ్ణం పెట్టేసి ఆయన వెంట చేరాను. ఇద్దరం కలిసి లేపిన చెట్లన్నిటినీ వరసగా నిలబెడితే సముద్రపు ఒడ్డు చాలక కొన్ని మోకాలి లోతు నీళ్ళలో నిలబడాలి. మా అక్క ఈ లెక్క వింటే, "పదిహేడురా, పదిహేడే" అంటుంది. ఆవిడకు లెక్కలు రావు.

తెగిన వేళ్ళ మీద కప్పడానికి బావ భుజం మీద ఎప్పుడూ తడిపిన గోనెపట్టా ఉండేది. అందరూ ఆయన్ని తడిగోనె అనేవారు. ఏ చొక్కా వేసినా కుడిభుజం పాచిపట్టినట్టుండేది. ఉతికి ఉతికి విసుగెత్తి, "ఈసారి కుడిచెయ్యి లేకుండా కుట్టిస్తా, చూసుకోండి" అని అక్క బెదిరించేది.

చెట్టును లేపేముందు ఆయన తప్పనిసరిగా చేయించే పని ఆకులు దూయడం. నూటికి డెబ్బై పోవాల్సిందే. కొత్తలో నేను అడిగాను.

"నీళ్ళు తాగేది వేళ్ళు కదా బావా, ఆకుల మీద నీకెందుకంత పగ?"

"తాగేది వేళ్ళే. లాగేది ఆకులు. సోడాసీసాలో గొట్టం పెట్టి పీలుస్తావు చూడు, చెట్టుకి ఆ పీల్చే నోరు పైనుంది. ఆకు అడుగున సన్నటి కన్నాల్లోంచి తడి ఆవిరైపోతుంటే, దాని వెనక చుక్కని అది, ఆ వెనక దాన్ని ఇది పట్టుకుని పైకొస్తాయి. వేరు దాకా ఒకటే నీటిదారం."

"తెగితే?"

"గాలి దూరుతుంది. ఇక ఎంత పీల్చినా నీ కబుర్లలాగా గాలే. మనం సగం వేళ్ళు నరికేస్తాం. అందించేవాళ్ళు తగ్గి లాగేవాళ్ళు అంతమందీ ఉంటే దారం తెగదూ?"

ఆసుపత్రి రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు దాని పక్కన నలభై ఒక్క బాదంచెట్లున్నాయి. ఇంజినీరు అప్పటికే రంపాలవాళ్ళతో మాట్లాడేశాడు. మా బావ ఆయన గది బయట బల్ల మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. పన్నెండో రోజు ఇంజినీరే బయటికొచ్చాడు.

"ఒక్కటి లేపి చూపించు. నెలలో చిగురేస్తే మిగతా నలభై నీ చేతికే ఇస్తా. వెయ్యకపోతే రంపమే. మళ్ళీ ఈ బల్ల మీద నువ్వు కనపడకూడదు."

ఆ రాత్రి బావ ఇంట్లో రెండుసార్లు నవ్వాడు. పెళ్ళిలో కూడా ఒక్కసారే నవ్వాడని అక్క సాక్ష్యం.

రెండు వారాలు ఒక చెట్టు చుట్టూ తవ్వి, వేళ్ళు కోసి, మట్టిముద్దకు గోనె చుట్టాం. ఇక ఆకులు దూద్దామని నిచ్చెన వేశాం. బావ నాలుగో మెట్టు మీదుండగా ఇంజినీరు పరుగున వచ్చాడు.

"ఆగాగు! రేపు పదకొండుకి మా ఆఫీసు పెద్దాయన చూడ్డానికొస్తున్నారు. బోడిచెట్టు పక్కన నిలబడి ఫొటో దిగమంటావా? ఆకులతోనే లేపు. ఫొటో అవ్వగానే దూసుకో."

"ఎండలో ఒక్క పూట చాలండీ, ఇది చావడానికి."

"ఒక్క పూటేనయ్యా! నలభై చెట్లు కావాలా, నీ పంతం కావాలా?"

బావ నా వంక చూశాడు. జీవితంలో ఆయన నన్ను సలహా అడిగింది ఆ ఒక్కసారే. "ఏం కాదు బావా, గంటగంటకీ ఆకుల మీద నీళ్ళు కొడతాగా! నేనుండగా నీకేం భయం?" అన్నాను. ఆయన నిచ్చెన దిగాడు.

మర్నాడు పదింటికి క్రేను చెట్టును ఎత్తి కొత్త గోతిలో నిలబెట్టింది. పదకొండయింది, పన్నెండయింది. వడగాలి మొదలైంది. నేను పైపు పట్టుకుని కొడుతూనే ఉన్నాను, తడి ఆకు మీద పడ్డట్టే పడి ఆరిపోతోంది. రెండింటికి ఆకులన్నీ వేలాడిపోయాయి. బావ నిచ్చెన ఎత్తాడు.

"కారు బయల్దేరిందయ్యా, దించు దాన్ని!" అని ఇంజినీరు అరిచాడు.

కారు నాలుగున్నరకొచ్చింది. పెద్దాయన ఫొటో దిగి, "ఏం చెట్టిది?" అని అడిగి, జవాబు వినకుండానే కారెక్కాడు. చీకటి పడేలోగా ఆకులన్నీ దూసేశాం.

నాలుగో రోజు బావ పైకొమ్మ బెరడును గోటితో గీరడం చూశాను. లోపల పచ్చదనం లేదు, గోధుమరంగు. అయినా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. గొయ్యి బురదైంది, పైన కొమ్మలు పుల్లలయ్యాయి.

"చచ్చినదానికి ఎన్ని బిందెలు పోస్తారండీ?" అంది అక్క.

"వేళ్ళింకా బతికున్నాయే. నీళ్ళూ ఉన్నాయి. పైకి తీసుకెళ్ళే దారే పోయింది."

ఆరు నెలలు మోడై నిలబడి, ఓ పొద్దున్న గొడుగంత ఆకుతో లేచిన చెట్టు కథ ఒకటి చెప్పాను. నేనే చూశానన్నాను. మామూలుగా అయితే "కొయ్యి, కొయ్యి కోతలు" అనేవాడు. ఆ రోజు చివరిదాకా విని, "ఎన్ని నెలలన్నావు?" అని అడిగాడు. అలా అడుగుతాడనుకుంటే ఆ కథ ఎత్తేవాణ్ణే కాదు.

ముప్ఫయ్యో రోజు ఇంజినీరు వచ్చి తలెత్తి చూసి, "చెప్పాగా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

రంపాలొచ్చిన రోజు మేం వద్దంటున్నా బావ వెళ్ళాడు. మొదటి చెట్టు రోడ్డుకడ్డంగా కూలింది. బావ దాని కొమ్మ పక్కన కూర్చుని ఒక ఆకును వేళ్ళమధ్య పట్టుకున్నాడు. పచ్చగా, చల్లగా ఉంది.

"తెగిందని వీటికింకా తెలీదురా. లాగుతూనే ఉన్నాయి" అన్నాడు.

సాయంత్రానికి నలభయ్యీ అయిపోయాయి.

ఇప్పుడాయన అదే రోడ్డులో ఆసుపత్రి గేటు దగ్గర బండ్లకు పార్కింగు చీటీలిస్తున్నాడు. మొన్న నేను పక్కనుండగా ఒకావిడ స్కూటరాపింది. ఇల్లు పెంచుతున్నారట, పెరట్లో వేపచెట్టు అడ్డమొస్తోందట.

"చెట్లు లేపేది మీరేనటగా అన్నయ్యగారూ?"

"ఎవరో తప్పు చెప్పారమ్మా" అని బావ చీటీ చింపి ఇచ్చాడు.

నేను లేపుతానని ఆవిడతో అనబోయాను. నోరు రాలేదు.