మామకు నేను చెప్పిన అరబ్బీ సినిమా

ఆ రోజుల్లో ఖతర్‌లో ఎటు చూసినా ఇసుకలోంచి బంగళాలు లేచేవి. లేపింది మేము, ఉండేది రేకుల క్యాంపులో. (ఇంటి దగ్గర మాత్రం మేమంతా ‘దుబాయ్‌ల’ ఉన్నట్టే లెక్క.) నేను క్యాంపు వ్యాను డ్రైవర్ని, మనుషుల్ని మదీనత్ ఖలీఫాలో సైటుకు దింపి తెచ్చేవాణ్ణి. పోలీసు ఆపినప్పుడల్లా నవ్వుతూ గట్టిగా నాలుగు ముక్కలు అనేవాణ్ణి కాబట్టి, నాకు అరబ్బీ మొత్తం వచ్చని మా గదిలో పేరు పడిపోయింది. నిజానికి నాకొచ్చింది యల్లా అంటే పద, మాఫీ అంటే లేదు, ఫులూస్ అంటే పైసలు, ఇంకో తిట్టు. (ఆ తిట్టు ఇక్కడ రాయలేను.) పేరు ఊరికే వస్తుంటే వద్దనే వయసు కాదు మరి నాది.

మా గదిలో పాటల మామ ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, బావి దగ్గర మోట తోలే పాటలు ఎత్తుకున్నాడంటే పక్క గదుల వాళ్లు కూడా పళ్లాలు పట్టుకొని వచ్చి మా గుమ్మంలో కూర్చునేవాళ్లు. అతనికి చదువు రాదు, ఊళ్లో ఉన్న అతని భార్య, మా అత్తకూ రాదు. అత్త బీడీలు చుట్టుకుంటూ క్యాసెట్‌లో ముచ్చట్లు నింపి, ఊరికొచ్చి వెళ్లేవాళ్లతో పంపేది. మామ దాని రెండో వైపు పాట నింపి తిప్పి పంపేవాడు. ఒకసారి క్యాసెట్‌లో అత్త గొంతు కాక బామ్మర్ది గొంతు వచ్చింది. అత్తకు జ్వరం వచ్చిందట, పోయిందట, అన్నీ అయిపోయాయట. కంపెనీ సెలవివ్వలేదు. మామ ఏడవలేదు, డ్యూటీ మానలేదు. పాట మానాడు, తర్వాత మాట మానాడు, చివరికి అన్నం కూడా కెలికి లేచేవాడు. మనిషి మాకు దక్కడేమోనని నిజంగా భయపడ్డాం.

శుక్రవారం మధ్యాహ్నం కోడి కూర, వీడియో మా క్యాంపు ఆనవాయితీ. అల్ సద్‌లో వీడియో కొట్టు నడిపే హైదరాబాద్ భాయ్ తన మిషన్ని మా చేతికి నమ్మి ఇచ్చేవాడు కాదు. తానే తెచ్చి, తానే నడిపి, కోడి తిని పోయేవాడు. ఆ శుక్రవారం నేను ఆలస్యంగా వెళ్తే అల్మారా ఖాళీ.

“హిందీ ఖతం మియా. అరబ్బీది ఒక్కటి ఉంది, ఎవరో పెద్ద పాటలామె జిందగీ. ఫైటింగ్ మాఫీ” అన్నాడు.

పాట అనగానే మామ గుర్తొచ్చాడు. తీసుకురమ్మన్నాను. తీరా మొదలయ్యాక గదంతా నా మీద పడింది. “ఓ డ్రైవర్, నీకు అరబ్బీ వస్తది గదా, చెప్పరాదు!” ఇక తప్పుతుందా! తెర మీద ఒకామె కళ్లు తుడుచుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్న మామ వైపు చూశాను, నోరు దానంతటదే కదిలింది. “మొగడు సచ్చిపోయిండట.” కోటు వేసుకున్నాయన ఫొటో వచ్చింది. “గాయనే మొగడు. ఈమె పాడితె ఆయన ఇనేటోడట.” ఖాళీ ఇల్లు చూపించారు. “పాటే బందు పెట్టిందట.” భాయ్ నా వైపు అదోలా చూశాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆఖర్న పెద్ద హాలు, దీపాలు, చప్పట్లు. ఆమె నోరు తెరిచింది.

“మల్ల పాడుతుందా ఏంది?” అన్నారెవరో.

మామ ముందుకు జరిగాడు. ఎన్నాళ్లకో మాట వచ్చింది. “ఏమని పాడుతుందిరా?”

పాటకు అర్థం ఎక్కడ తేను? “ఆయన ఇంటున్నడనుకొని పాడుతుందట మామా” అన్నాను.

క్యాసెట్ అయిపోయింది. మామ తెర వైపు నుంచి మా వైపు తిరిగాడు. తర్వాత గొంతు సవరించుకొని మోట పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగాలేదు, సిమెంటు పట్టినట్టు గరగరలాడింది, రెండుసార్లు తెగింది. పొయ్యి మీద కోడి మాడిపోతున్నా ఎవ్వరం లేవలేదు. పాట అయ్యాక మామ ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. ఆ రోజు మామ మాడిన కూరతోనే కడుపునిండా తిన్నాడు.

వ్యాన్‌లో దింపుతుంటే, కొట్లో అరబ్బులతో మాట్లాడి భాష పట్టిన భాయ్ అన్నాడు: “మియా, ఆమెకు షాదీయే కాలే. ఫొటోల ఉన్నాయన డాక్టర్. గొంతుకు బీమారి వచ్చింది. ఆ చప్పట్లు పాత ప్రోగ్రాంవి. ఆమె మల్ల పాడనే లేదు.” కొట్టు రాగానే, “మామకు చెప్పకు” అని దిగిపోయాడు. నేను చెప్పలేదు. మళ్లీ పాడని ఆ తల్లి మీద మాత్రం చాలా రోజులు దిగులుపడ్డాను.

ఏళ్లు గడిచాయి, అందరం ఊళ్లు చేరాం. పోయిన ఎండాకాలం మా ఇంటామె కన్నుమూసింది. పలకరించడానికి పాటల మామ కర్ర పట్టుకొని బస్సు దిగి వచ్చాడు. నేను మాట్లాడటం లేదని మంచం మీద నా పక్కన కూర్చొని మొదలుపెట్టాడు.

“దుబాయ్‌ల ఒక పాటలామె ఉండె, యాదికున్నదా? మొగడు పోయిండు. పాపం, మంచోడు, సైట్ల పని చేసేటోడు.” (నేను సైటు సంగతి చెప్పలేదు. అది మామ సొంతం.) “పాట బందు పెట్టింది, బువ్వ బందు పెట్టింది...”

కథ నాదే, అబద్ధం నాదే. ఆ కోటు మనిషి డాక్టరని ఈ భూమ్మీద నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా మామ ఆగేసరికి ఆత్రం పట్టలేక అడిగేశాను.

“తర్వాత పాడిందా మామా?”

“పాడకేం జేస్తదిరా” అన్నాడు మామ. “నువ్వే గదా చెప్పినవ్.”